చీరల షాపుకి కస్టమర్ల నంబర్లు సర్దుకోవడం, ఇన్‌స్టాగ్రామ్ మొదలుపెట్టడం: ఏది ముందు, ఎలా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: మంగళగిరిలో మీది చిన్న చేనేత చీరల షాపు. మీరు, మీవారు, పనిలో ఒక అమ్మాయి. రెండు ఫోన్లలో, పాత బిల్లు పుస్తకాల్లో కలిపి మూడు వేల దాకా నంబర్లున్నాయి. ఏ సీఆర్ఎం (కస్టమర్ల వివరాలు ఒకచోట ఉంచి చూసుకునే) సాఫ్ట్‌వేర్ కొనాలి, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ ఎక్కడ మొదలుపెట్టాలి అని.

సూటిగా చెప్తానండీ. ఇప్పుడే ఏ సాఫ్ట్‌వేరూ కొనకండి. మొదటి మూడు నెలలు గూగుల్ కాంటాక్ట్స్, ఒక గూగుల్ షీట్, వాట్సాప్ బిజినెస్ యాప్ సరిపోతాయి. మూడూ ఉచితమే. సోషల్ మీడియాలో ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ (గూగుల్ మ్యాప్స్‌లో కనిపించే షాపు పేజీ), ఆ తర్వాత ఇన్‌స్టాగ్రామ్. ఫేస్‌బుక్ పేజీ తెరిచి ఇన్‌స్టాగ్రామ్‌కి కలిపి ఉంచండి, దానికోసం విడిగా పని పెట్టుకోవద్దు. నంబర్ల పని పూర్తయ్యాకే రీల్స్ (ఇన్‌స్టాగ్రామ్‌లో వేసే చిన్న వీడియోలు) జోలికి వెళ్ళండి.

ఈ వరస ఎందుకంటే, ఇన్‌స్టాగ్రామ్ కొత్త మనుషుల్ని గుమ్మం దాకా తెస్తుంది, అంతే. వాళ్ళు రేటు అడిగి వెళ్ళిపోతే, వాళ్ళ పేరు, నంబర్, అడిగిన చీర ఎక్కడా రాసుకోకపోతే, ఆ రీల్‌కి పెట్టిన కష్టం అక్కడితో పోయింది. లిస్టు ఉన్నవాళ్ళకి అదే మనిషి శ్రావణ మాసంలో మళ్ళీ వస్తుంది, చెల్లెలి పెళ్ళికి వస్తుంది. లిస్టు లేకుండా ఫాలోవర్లు పెరిగిన షాపుల్లో ఫోన్ రోజంతా మోగుతుంది, గల్లా మాత్రం పెద్దగా మారదు.

ముందు ఒక షీట్

షాపు పేరు మీద కొత్త గూగుల్ అకౌంట్ తెరవండి. మీ సొంత మెయిల్ వద్దు, పనిలో ఉన్న అమ్మాయి మెయిల్ అసలే వద్దు. రికవరీ నంబర్‌గా మీది, రికవరీ మెయిల్‌గా మీవారిది ఇవ్వండి.

షీట్‌లో తొమ్మిది గళ్ళు చాలు: పేరు, ఫోన్, ఊరు, ఎలా తెలిసి వచ్చారు, ఏం కొన్నారు, చివరిసారి కొన్న తేదీ, మళ్ళీ మాట్లాడాల్సిన తేదీ, దేని గురించి, మెసేజీలు పంపమన్నారా లేదా. పుట్టినరోజు, పెళ్ళిరోజు లాంటి గళ్ళు మొదట్లోనే పెడితే నింపేవాళ్ళుండరు. సగం ఖాళీగా ఉన్న షీట్‌ని నాలుగు వారాల్లో అందరూ వదిలేస్తారు.

ఫోన్ గడి దగ్గర జాగ్రత్త. నంబర్లు కొట్టకముందే ఆ నిలువు వరుస మొత్తాన్ని ఎంచుకుని, ఫార్మాట్ మెనూలో నంబర్ కింద ప్లెయిన్ టెక్స్ట్ అని మార్చండి. అలా చేయకపోతే ముందున్న ప్లస్ గుర్తు పోతుంది. ఎక్సెల్ అయితే 12 అంకెల నంబర్‌ని 9.19తో మొదలయ్యే గణితపు రూపంలోకి మార్చేస్తుంది, దాన్ని అలాగే సీఎస్‌వీగా (వేరే యాప్‌లోకి ఎక్కించగలిగే సాదా ఫైల్‌గా) సేవ్ చేస్తే చివరి అంకెలన్నీ సున్నాలవుతాయి. అవి తిరిగి రావు. ప్రతి నంబరూ +91తో, మధ్యలో ఖాళీలు లేకుండా రాయండి. అమెరికా నంబరైతే +1. దేశం కోడ్ లేకపోతే విదేశాల్లో ఉన్న కస్టమర్ వాట్సాప్‌లో కనిపించరు.

పేరు పక్కనే ఊరు రాయండి: "లక్ష్మి గారు, తెనాలి". మూడు వేల మందిలో ఎంతమంది లక్ష్ములుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. పేర్లు తెలుగులో రాస్తారా, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారా అన్నది మొదటి రోజే తేల్చుకోండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే పేరుని ముగ్గురు మూడు రకాలుగా కొడతారు, వెతికితే దొరకదు. ఎలా రాసినా, వెతికేటప్పుడు ఫోన్ నంబర్ చివరి నాలుగు అంకెలతో వెతకడం అందరికీ అలవాటు చేయండి.

మూడు వేలూ ఒకేసారి ఎక్కించాలని కూర్చోవద్దు. గత రెండేళ్ళ బిల్లులు, హోల్‌సేల్‌గా తీసుకెళ్ళేవాళ్ళు, విదేశాలకి పంపించుకున్నవాళ్ళు ముందు. రోజుకి నలభై, యాభై చొప్పున ఖాళీ వేళల్లో కొట్టించండి. అయిదేళ్ళ కిందటి నంబర్లని చివరికి వదిలేయండి. మన దేశంలో మూడు నెలలు వాడని ప్రీపెయిడ్ నంబర్‌ని కంపెనీ తీసేసి, కొంత గడువు తర్వాత ఇంకొకరికి ఇవ్వొచ్చు. పాత నంబర్లలో కొన్ని ఇప్పుడు మీ షాపు పేరే వినని మనుషుల దగ్గరుంటాయి. వాళ్ళకి చీరల ఫోటోలు వెళ్తే బ్లాక్ చేస్తారు. అలాంటి బ్లాకులు పెరిగితే వాట్సాప్ మీ నంబర్ మీదే ఆంక్షలు పెడుతుంది.

డూప్లికేట్లు తీసేముందు షీట్‌కి ఒక కాపీ తీసి పెట్టుకోండి. తర్వాత డేటా మెనూలో డేటా క్లీనప్, అందులో రిమూవ్ డూప్లికేట్స్‌కి వెళ్ళి ఫోన్ గడి ఒక్కటే టిక్ చేయండి. పేరు గడి కూడా టిక్ చేస్తే "పద్మ", "పద్మ గారు" రెండూ మిగిలిపోతాయి.

ఇక గూగుల్ కాంటాక్ట్స్‌లోకి ఎక్కించడం. ముందు అక్కడ ఒక్క కాంటాక్ట్ చేత్తో తయారుచేసి, దాన్ని సీఎస్‌వీగా ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ ఫైల్లో మొదటి వరుసలో ఉన్న శీర్షికల్నే మీ ఫైల్లో వాడితే గళ్ళు తారుమారు కావు. ఎక్సెల్ నుంచి సేవ్ చేసేటప్పుడు "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అన్న రకాన్నే ఎంచుకోండి, లేకపోతే తెలుగు పేర్లన్నీ ప్రశ్న గుర్తులవుతాయి. ఒక్కసారికి 3,000 కాంటాక్టులే ఎక్కుతాయి కాబట్టి ఎక్కువుంటే రెండు ఫైళ్ళు చేయండి. మొత్తం అకౌంట్‌కి 25,000 పరిమితి, అది మీకు ఇప్పట్లో అడ్డు రాదు. ఏదైనా తేడా వస్తే కంగారు పడకండి. సెట్టింగ్స్‌లో అన్‌డూ చేంజెస్ అని ఉంటుంది, గత 30 రోజుల్లో ఏ స్థితికైనా వెనక్కి తెచ్చుకోవచ్చు.

"మెసేజీలు పంపమన్నారా" అన్న గడి ఎందుకు?

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మనిషి సమ్మతి మీద నిలబడింది. చట్టం సంగతి అలా ఉంచినా, అడిగి పంపిన మెసేజ్‌కీ అడగకుండా పంపినదానికీ వచ్చే స్పందనలో చాలా తేడా ఉంటుంది. బిల్లు రాసేటప్పుడు ఒక్క మాట: "కొత్త స్టాక్ వచ్చినప్పుడు వాట్సాప్‌లో ఫోటోలు పంపమంటారా అండీ?" ఔనంటే తేదీతో సహా రాసుకోండి. వద్దంటే కూడా రాసుకోండి, లేకపోతే వచ్చే నెల ఇంకెవరో వాళ్ళకి పంపేస్తారు. ఎవరైనా "గుంటూరు జిల్లా మహిళల నంబర్లు పదివేలు" అని లిస్టు అమ్మజూపితే తీసుకోకండి. ఆ లిస్టు డబ్బుతో పాటు మీ షాపు నంబర్‌ని కూడా తినేస్తుంది.

వాట్సాప్ బిజినెస్: ఏ నంబర్ మీద?

చాలామంది ఇక్కడ కొత్త సిమ్ తీసుకుంటారు. మీ పరిస్థితిలో నేను వద్దంటాను. కస్టమర్ల ఫోన్లలో ఇప్పటికే సేవ్ అయి ఉన్న నంబర్ ఏదో దాన్నే షాపు నంబర్ చేయండి, మీ ఇంటి సంభాషణలని కొత్త సిమ్‌కి మార్చుకోండి. కారణం ఒక్కటే: బ్రాడ్‌కాస్ట్ మెసేజ్ (ఒకేసారి చాలామందికి విడివిడిగా వెళ్ళేది) మీ నంబర్‌ని సేవ్ చేసుకున్నవాళ్ళకే చేరుతుంది. కొత్త నంబర్‌తో ఎంతమందికి పంపినా మొదట్లో చేరేది కొద్దిమందికే. ఒకే నంబర్ మామూలు వాట్సాప్‌లోనూ బిజినెస్‌లోనూ ఏకకాలంలో నడవదు. మార్చేముందు బ్యాకప్ తీసి, మారిన వెంటనే టూ స్టెప్ వెరిఫికేషన్‌లో ఆరంకెల పిన్ పెట్టండి.

తర్వాత లేబుల్స్, అంటే ఏ సంభాషణ ఏ దశలో ఉందో చెప్పే గుర్తులు. 20 దాకా పెట్టుకోవచ్చు, మీకు ఆరు చాలు: కొత్తగా అడిగారు, ఫోటోలు పంపాం, డబ్బు రావాలి, కొరియర్ చేయాలి, పంపేశాం, తర్వాత అడగాలి. పనిలో ఉన్న అమ్మాయి సాయంత్రం షాపు కట్టేముందు "కొత్తగా అడిగారు" లేబుల్ ఖాళీ చేయాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే సగం సాఫ్ట్‌వేర్ పని అయిపోయినట్టే.

క్విక్ రిప్లైలు 50 దాకా దాచుకోవచ్చు. రోజూ వచ్చే ప్రశ్నలు మీకు తెలిసినవే: కొరియర్ ఎంత, ఎన్ని రోజులు, క్యాష్ ఆన్ డెలివరీ ఉందా, బ్లౌజ్ పీస్ వస్తుందా, రంగు పోతుందా, వెనక్కి తీసుకుంటారా. వీటికి జవాబులు ఒకసారి శ్రద్ధగా రాసి పెట్టండి. జవాబు చివర ఒక ప్రశ్న ఉండాలి: "మీకు కాటన్ కావాలాండీ, పట్టు కావాలా?" ప్రశ్న లేని జవాబు దగ్గర సంభాషణ ఆగిపోతుంది.

బ్రాడ్‌కాస్ట్ లిస్టుకి 256 మంది దాకా పడతారు. అక్షర క్రమంలో కాకుండా అభిరుచిని బట్టి విడగొట్టండి: నిజాం బోర్డర్ కాటన్ కొనేవాళ్ళు, పట్టు కొనేవాళ్ళు, డ్రెస్ మెటీరియల్ తీసుకునేవాళ్ళు, హోల్‌సేల్, విదేశాల్లో ఉన్నవాళ్ళు. ఆఫీసుకి కాటన్ కట్టుకునే ఆవిడకి పన్నెండు వేల పట్టుచీరలు వరసగా వెళ్తే మిమ్మల్ని మ్యూట్ చేస్తుంది. వారానికి ఒకసారి, అయిదు ఫోటోలకి మించకుండా పంపండి. పండగ ముందు వారాల్లో రెండుసార్లు పంపినా ఎవరూ ఏమనుకోరు. ప్రతి ఫోటో కింద ధర, చీర నంబర్ ఉండాలి. చీరకి కోడ్ లేకపోతే "ఆ నీలం చీర పక్కన పెట్టండి" అన్న మెసేజీలు ఒకేరోజు నలుగురి నుంచి వస్తాయి, నలుగురూ అడిగేది వేర్వేరు నీలాలు. కోడ్ కాగితం మీద రాసి చీరకి పిన్ చేయండి, అమ్ముడైతే వాట్సాప్ బిజినెస్ యాప్‌లో చీరలు చూపించే కేటలాగ్‌లోంచి వెంటనే తీసేయండి.

గ్రూపు మాత్రం పెట్టకండి. గ్రూపులో సభ్యుల నంబర్లు ఒకరికొకరికి కనిపిస్తాయి. మీ కస్టమర్ల లిస్టుని పక్క షాపువాళ్ళు లోపలికొచ్చి తీసుకెళ్ళడానికి పది నిమిషాలు పట్టదు. అందరికీ ఒకేసారి స్టాక్ చూపించాలంటే వాట్సాప్ ఛానెల్ ఉంది, అందులో నంబర్లు కనిపించవు. అయితే ఛానెల్‌లో ఎవరు చూస్తున్నారో మీకూ తెలియదు, కాబట్టి అది బ్రాడ్‌కాస్ట్‌కి తోడుగానే పనికొస్తుంది.

మీ నంబర్ సేవ్ చేయించుకోవడం కూడా పనే. బిల్లు మీద, కవర్ మీద, కౌంటర్ దగ్గర వాట్సాప్ క్యూఆర్ కోడ్ వేయించండి. కస్టమర్ స్కాన్ చేసి "హాయ్" అని పంపగానే "నంబర్ సేవ్ చేసుకుంటే కొత్త చీరల ఫోటోలు వస్తాయండీ" అని షాపులోనే చెప్పి చేయించాలి. ఇంటికి వెళ్ళాక ఎవరూ చేయరు.

మళ్ళీ మాట్లాడాల్సిన తేదీ

షీట్ మొత్తంలో డబ్బు తెచ్చే గడి ఇదే. అడిగి కొనకుండా వెళ్ళినవాళ్ళకి మూడో రోజు ఒక మెసేజ్, అదీ "ఏమైందండీ" అని కాదు, వాళ్ళు అడిగిన రంగులోనో ధరలోనో ఇంకో రెండు చీరల ఫోటోలతో. దానికీ జవాబు రాకపోతే ఇక వెంటపడొద్దు, బ్రాడ్‌కాస్ట్ లిస్టులో ఉంచి వదిలేయండి. పెళ్ళికని అడిగినవాళ్ళని ముహూర్తం తేదీ అడిగి, దానికి నలభై అయిదు రోజుల ముందు తేదీ వేసుకోండి. ఫాల్, పికో, మగ్గం వర్క్ బ్లౌజ్ అన్నీ అయ్యేసరికి ఆ మాత్రం సమయం పడుతుంది, దగ్గరపడ్డాక వాళ్ళు ఎదురుగా ఉన్న షాపులోనే కొనేస్తారు. హోల్‌సేల్ వాళ్ళకి వాళ్ళు మామూలుగా ఎన్నాళ్ళకోసారి వస్తారో చూసి, దానికి వారం ముందు.

ఆ గడిలో గడువు దాటినవి ఎర్రగా కనిపించేలా చేసుకోండి. ఫార్మాట్ మెనూలో కండిషనల్ ఫార్మాటింగ్ తెరిచి, "డేట్ ఈజ్ బిఫోర్" ఎంచుకుని, పక్కన "టుమారో" పెట్టి రంగు ఇవ్వండి. ఈరోజువీ, మిగిలిపోయినవీ రెండూ ఎరుపులోకి వస్తాయి. పొద్దున షాపు తెరిచాక మొదటి అరగంట బేరాలు పలచగా ఉన్నప్పుడు ఆ ఎర్ర వరుసలు పూర్తి చేయడమే పని. మాట్లాడాక తేదీ తీసేయడం కాదు, తర్వాతి తేదీ వేయాలి.

మరి సాఫ్ట్‌వేర్ ఎప్పుడు?

ఒకే కస్టమర్‌కి మీరొక రేటు, మీవారొక రేటు చెప్పడం మొదలైనప్పుడు. ఎర్ర వరుసలు రోజూ మిగిలిపోతున్నప్పుడు. జవాబులిచ్చేవాళ్ళు ముగ్గురు దాటినప్పుడు. అప్పుడు జోహో వాళ్ళ బిగిన్ చూడండి, చిన్న వ్యాపారాల కోసమే చేసింది. ఒక్కరే వాడుకునే ఉచిత ప్లాన్ ఉంది కానీ 500 రికార్డుల దగ్గర ఆగుతుంది, కాబట్టి అది నేర్చుకోవడానికే. జోహో సీఆర్ఎంలో ముగ్గురి దాకా ఉచితం. హబ్‌స్పాట్‌కీ ఉచిత ప్లాన్ ఉంది, అయితే అది మెయిల్ మీద నడిచే వ్యాపారాలకి బాగా అమరుతుంది, వాట్సాప్ మీద నడిచే చీరల షాపుకి అంతగా కాదు.

కొనేముందు నాలుగు విషయాలు చూడండి. ధర ఒక్కో మనిషికి నెలకి ఇంత అని ఉంటుంది, దాన్ని ముగ్గురితో, పన్నెండు నెలలతో గుణించి, పైన జీఎస్టీ వేసుకుని అప్పుడు ఆలోచించండి. మీ కాంటాక్టులతో పాటు నోట్స్ కూడా సీఎస్‌వీగా బయటికి తీసుకోనిస్తుందో లేదో ఉచిత గడువులోనే చేసి చూడండి. ఫోన్ యాప్‌లో ఒక కాంటాక్ట్ చేర్చడానికి అర నిమిషం దాటితే పనిలో ఉన్న అమ్మాయి వాడదు. యాభై మంది కస్టమర్లతో రెండు వారాలు నడిపాకే మొత్తం ఎక్కించండి. తప్పనిసరి గళ్ళు మూడుకి మించితే జనం అందులో చుక్కలు పెట్టి ముందుకెళ్తారు, ఆ డేటా దేనికీ పనికిరాదు.

"ఒక్క క్లిక్‌తో పదివేల వాట్సాప్‌లు" అంటూ ల్యాప్‌టాప్‌లో ఎక్స్‌టెన్షన్ వేసి ఇచ్చేవాళ్ళు వస్తారు. అవి వాట్సాప్ అనుమతి లేనివి. నంబర్ బ్యాన్ అయితే ఏళ్ళ తరబడి కస్టమర్లు సేవ్ చేసుకున్న నంబరే వాట్సాప్‌లో లేకుండా పోతుంది. అనుమతి ఉన్న దారి వాట్సాప్ బిజినెస్ ఏపీఐ, అంటే వేరే సాఫ్ట్‌వేర్ నుంచి మెసేజీలు పంపనిచ్చే వాట్సాప్ సొంత ఏర్పాటు. అందులో ప్రచార మెసేజీలు ముందే ఆమోదం పొందిన నమూనాల్లోనే పంపాలి, 2025 జూలై నుంచి మెసేజ్‌కి ఇంత అని ఛార్జీ. కస్టమర్ మీకు మెసేజ్ పెట్టిన 24 గంటల లోపు మాత్రం నమూనా లేకుండా మామూలుగా జవాబివ్వొచ్చు. మీకు ముఖ్యమైన ఇంకో సంగతి: అమెరికా నంబర్లకి ప్రచార నమూనాలు పంపడాన్ని వాట్సాప్ యజమాని మెటా 2025 ఏప్రిల్ నుంచి ఆపేసింది. డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న మీ కస్టమర్ల కోసమని ఏపీఐ తీసుకుంటే డబ్బు వృథా కావచ్చు, వాళ్ళకి బ్రాడ్‌కాస్ట్ లిస్టే మేలు. ఏపీఐ తీసుకున్నాక ఆ నంబర్ మీ ఫోన్ యాప్‌లో కొనసాగుతుందా లేదా అన్నది కూడా అమ్మేవాళ్ళ దగ్గర రాతలో తీసుకోండి.

ఎస్ఎంఎస్ ప్రచారం మీకు అనవసరం. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం డీఎల్‌టీలో (వ్యాపార ఎస్ఎంఎస్‌ల నమోదు వ్యవస్థలో) నమోదు, హెడర్ (పంపేవాళ్ళ పేరు), ప్రతి మెసేజ్‌కి టెంప్లేట్ ఆమోదం కావాలి, పైగా ఫోటో వెళ్ళదు.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్

పానకాల స్వామి దర్శనానికి వచ్చి చీరలు కొనుక్కెళ్దామనుకునేవాళ్ళు ఇన్‌స్టాగ్రామ్ తెరవరు, మ్యాప్స్ తెరుస్తారు. ప్రొఫైల్ ఉచితం. షాపు పేరు బోర్డు మీద ఉన్నట్టే ఇవ్వండి, "మంగళగిరి బెస్ట్ శారీస్ హోల్‌సేల్" లాంటి తోకలు తగిలిస్తే ప్రొఫైల్ సస్పెండ్ అయ్యే ప్రమాదముంది. వెరిఫికేషన్‌కి వీడియో అడిగితే వీధి, బోర్డు, షాపు లోపలి భాగం, తాళం తీయడం ఒకే వీడియోలో కట్ లేకుండా చూపించండి. పిన్ సరిగ్గా గుమ్మం మీద పెట్టండి. సెలవు రోజులు, పండగ రోజుల వేళలు మార్చడం మర్చిపోవద్దు, తెరిచి ఉందని చూసి వచ్చి తాళం చూసినవాళ్ళు ఒక్క స్టార్ రేటింగ్ ఇస్తారు. రివ్యూ అడగండి, కానీ రివ్యూకి బదులు డిస్కౌంట్ ఇవ్వకండి. అది గూగుల్ నిబంధనలకి విరుద్ధం, రివ్యూలు తీసేస్తారు.

ఇన్‌స్టాగ్రామ్

అకౌంట్ పేరులో షాపు పేరు, ఊరు ఉండాలి. సెట్టింగ్స్‌లో ప్రొఫెషనల్ అకౌంట్‌కి మార్చి బిజినెస్ ఎంచుకోండి. బయోలో మూడే ముక్కలు: ఏం అమ్ముతారు, ఎక్కడున్నారు, ఎలా కొనాలి. లింక్ దగ్గర వాట్సాప్ బిజినెస్ యాప్‌లో దొరికే షార్ట్ లింక్ పెట్టండి. ఆ లింక్‌లోనే ముందస్తు మెసేజ్ రాసే వీలుంది. "ఇన్‌స్టాలో చూశాను, చీర నంబర్:" అని పెడితే కస్టమర్ నొక్కగానే అదే వస్తుంది. షీట్‌లో "ఎలా తెలిసి వచ్చారు" అన్న గడి అడగకుండానే నిండుతుంది.

తెరిచిన రోజే అందర్నీ పిలవకండి. తొమ్మిది పోస్టులు పెట్టాక పిలవండి. ఖాళీ పేజీ చూసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ రారు.

షూటింగ్ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చీరల వ్యాపారంలో వచ్చే గొడవల్లో ఎక్కువ భాగం రంగు మీదే. గుమ్మం పక్కనో కిటికీ పక్కనో, ఎండ నేరుగా పడనిచోట, పొద్దున ఎనిమిది నుంచి పది మధ్య తీయండి. ఆ సమయంలో షాపులో ట్యూబ్‌లైట్లు ఆర్పేయాలి. పగటి వెలుతురూ ట్యూబ్‌లైటూ కలిస్తే నెమలికంఠం రంగు నీలంగా, మెరూన్ ఎరుపుగా పడుతుంది. ఫోన్ తెర మీద చీరని గట్టిగా నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు లాక్ అవుతాయి. అది చేయకపోతే జరీ కెమెరాకి తగిలినప్పుడల్లా చీర మొత్తం నల్లబడుతుంది. ఫిల్టర్లు వాడొద్దు. తీశాక చీరనీ ఫోన్‌నీ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు తేడాగా ఉంటే రీల్‌లోనే నోటితో చెప్పండి: "ఫోన్‌లో కాస్త లేతగా కనిపిస్తోంది, అసలు రంగు ముదురు పసుపండీ".

నిలువుగా, 1080కి 1920 కొలతలో, ఇరవై నుంచి ముప్పై సెకన్లు. మొదటి రెండు సెకన్లలో కొంగు విప్పేయండి. "నమస్తే, మా షాపుకి స్వాగతం"తో మొదలుపెడితే వేలు పైకి జరిగిపోతుంది. తర్వాత బోర్డర్ దగ్గరగా, బట్ట చేతి మీద జారుతూ, బ్లౌజ్ పీస్, చివర ధర, కోడ్. అక్షరాలు తెర అడుగు భాగంలో వేయకండి, అక్కడ క్యాప్షన్, బటన్లు కప్పేస్తాయి. మాట మీదే, మీ యాసలోనే ఉండనివ్వండి. సినిమా పాటల మీద రీల్స్ చేయాలనిపిస్తుంది గానీ, బిజినెస్ అకౌంట్లకి ఆ పాటల లైబ్రరీ పూర్తిగా దొరకదు, వేరేచోట నుంచి తెచ్చి పెడితే శబ్దం ఆపేసే అవకాశముంది.

ధర రాయాలా, "డీఎం చేయండి" (విడిగా మెసేజ్ పెట్టండి) అనాలా అని మీరు అడగబోతున్నారని తెలుసు. ధర రాయండి. పోటీవాళ్ళకి తెలుస్తుందన్న భయం ఉంటుంది, కానీ వాళ్ళకి మీ రేట్లు ఇప్పటికే తెలుసు. ధర దాచితే వచ్చే మెసేజీల్లో ఎక్కువ భాగం రేటు విని మాయమయ్యేవే, ఆ జవాబులకే పనిలో ఉన్న అమ్మాయి రోజు అయిపోతుంది. ధర చూశాక మెసేజ్ పెట్టినవాళ్ళు కొనే ఉద్దేశంతోనే పెడతారు.

లోపాలు కూడా చెప్పండి. ముదురు రంగులు మొదటి ఉతుకులో కొద్దిగా వదులుతాయని, మగ్గం మీద నేసినదానిలో అక్కడక్కడ పోగు ఎచ్చుతగ్గులు ఉంటాయని, అది మరమగ్గం కాదనడానికి గుర్తని ఒక రీల్ చేసి ప్రొఫైల్ పైన పిన్ చేయండి. మరమగ్గం చీర అమ్మితే మరమగ్గం అనే చెప్పండి. గుంట మగ్గం దగ్గర నేత పని తీసిన రీల్స్‌ని జనం ఇష్టంగా చూస్తారు, పంచుకుంటారు. అమ్మకం మాత్రం చీర చూపించిన రీల్స్‌తోనే జరుగుతుంది. మూడింటికి ఒకటి నేతది ఉంటే సరిపోతుంది. నేతన్న ముఖం చూపించేముందు ఆయన్ని అడగండి.

వారానికి మూడు రీల్స్, రోజూ స్టోరీ. రీల్స్ మూడూ ఒకేరోజు తీసి, మెటా బిజినెస్ సూట్‌లో షెడ్యూల్ చేసేయండి. ఏ వేళకి వేయాలన్నది నెల తర్వాత ఇన్‌సైట్స్‌లో (ఇన్‌స్టాగ్రామ్ మీకు చూపించే లెక్కల్లో) మీ ఫాలోవర్లు ఎప్పుడు ఉంటున్నారో చూసి తేల్చుకోండి. విదేశాల వాళ్ళ కోసమైతే మన ఉదయం ఏడు, ఎనిమిది మధ్య. అప్పుడు అమెరికాలో రాత్రి భోజనాల వేళ దాటుతుంది.

పంచాంగం దగ్గర పెట్టుకుని పని చేయండి. ఆషాఢంలో అందరూ డిస్కౌంట్ బోర్డులు పెడతారు. మీరు పాత స్టాక్‌కి అది చేస్తూనే, ఆషాఢం రెండో వారం నుంచే వరలక్ష్మీ వ్రతం చీరలు చూపించడం మొదలుపెట్టాలి. కొరియర్‌కి నాలుగు రోజులు, బ్లౌజ్ కుట్టడానికి పది రోజులు వేసుకుంటే, శ్రావణం వచ్చాక చూపించినవి వ్రతానికి అందవు. సంక్రాంతి, ఉగాది, దసరాలకీ ఇదే లెక్క: పండగకి నాలుగు వారాల ముందు.

ఫాలోవర్లని కొనకండి. "ముగ్గుర్ని ట్యాగ్ చేస్తే చీర ఫ్రీ" కూడా వద్దు. దానికి వచ్చేవాళ్ళు ఉచితం కోసమే వస్తారు, వాళ్ళు తర్వాత పోస్టుల్ని పట్టించుకోకపోవడంతో మీ రీల్స్ అసలు కస్టమర్లకి కూడా తక్కువ చేరతాయి. ఇన్‌ఫ్లుయెన్సర్‌కి చీర ఇచ్చేముందు వాళ్ళ ఫాలోవర్లు ఏ ఊళ్ళవాళ్ళో చూపించే ఇన్‌సైట్స్ స్క్రీన్ అడగండి. సగంమంది మీరు పంపలేని చోట ఉంటే లక్షమంది ఉన్నా లాభం లేదు. డబ్బిచ్చినా, ఉచితంగా చీర ఇచ్చినా ప్రకటన అని రాయించాలి, 2021 నుంచి ప్రకటనల ప్రమాణాల మండలి ఆస్కీ మార్గదర్శకాలు అదే చెప్తున్నాయి.

ప్రకటనలు

మొదటి నెల రూపాయి పెట్టకండి. రెండో నెలలో, మామూలుగానే ఎక్కువ మెసేజీలు తెచ్చిన రీల్ ఒకటి ఎంచుకుని దానికే పెట్టండి. లైకుల కోసం కాకుండా వాట్సాప్ మెసేజీలు వచ్చే లక్ష్యం ఎంచుకోండి. గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల, మహిళలు, 25 నుంచి 55 ఏళ్ళు. రోజుకి రూ. 200 చొప్పున ఏడు రోజులు అంటే రూ. 1,400, 18 శాతం జీఎస్టీతో రూ. 1,652. మధ్యలో రోజూ మార్పులు చేయకండి, మార్చినప్పుడల్లా మెటా ప్రకటనల వ్యవస్థ మళ్ళీ మొదటి నుంచి నేర్చుకుంటుంది.

లెక్క మీ షీట్‌లోనే తేలుతుంది. ఉదాహరణకి ఆ ప్రకటన నుంచి నాలుగు చీరలు అమ్ముడైతే చీరకి రూ. 413 ఖర్చు. చీర మీద మీకు మిగిలేది రూ. 600 అయితే నడిపించండి. రూ. 300 అయితే ఆపేసి రీలో, చీరో మార్చండి. వంద మంది మెసేజ్ పెట్టారన్నది లెక్కలోకి రాదు.

పోగొట్టుకోకుండా ఉండటానికి

ఫేస్‌బుక్ పేజీకి ఇద్దరు అడ్మిన్లుండాలి, మీరూ మీవారూ. ఒక్కరే ఉంటే ఆ ఒక్క అకౌంట్ బ్లాక్ అయిన రోజు పేజీ చేయి దాటిపోతుంది. పేజీలు, ప్రకటనల అకౌంట్ మీ పేరు మీద తెరిచి, ఏజెన్సీకి పని చేసే అనుమతి మాత్రం ఇవ్వండి. వాళ్ళే తెరిచిస్తామంటే వద్దనండి. విడిపోయేటప్పుడు ఆ పేజీ వాళ్ళ దగ్గరే ఉండిపోతుంది. "మీ పేజీ కాపీరైట్ ఉల్లంఘించింది, 24 గంటల్లో తొలగిస్తాం" అని లింక్‌తో వచ్చే మెసేజీలు దాదాపు అన్నీ పాస్‌వర్డ్ దొంగలవే, నొక్కకండి. టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ అడగడం) అన్నిచోట్లా పెట్టండి.

కస్టమర్ పంపిన చెల్లింపు స్క్రీన్‌షాట్ చూసి చీర పంపకండి. మీ బ్యాంకు యాప్‌లో జమ కనిపించాకే "కొరియర్ చేయాలి" లేబుల్ వేయాలని అమ్మాయికి చెప్పండి.

ప్రతి నెలా ఒకటో తారీకున కాంటాక్టులు, షీట్ రెండూ డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. వాట్సాప్ షాపు ఫోన్ కాకుండా ఇంకో నాలుగు పరికరాల్లో నడుస్తుంది కదా, లింక్డ్ డివైసెస్ జాబితా కూడా అదే రోజు చూడండి. పని మానేసిన అమ్మాయి ఫోనో, రిపేరుకిచ్చిన ల్యాప్‌టాపో ఇంకా అందులో కనిపిస్తే అక్కడికక్కడే లాగౌట్ చేసి, గూగుల్ అకౌంట్ పాస్‌వర్డ్ మార్చేయండి.